రెండు పాస్‌పోర్టులు ఇండియాలో ఎందుకు చెల్లవు? ఓసీఐ వెనక ఉన్న డెబ్బై ఏళ్ల కథ



పెళ్లి సంబంధాలు మాట్లాడుకునే చోట ఈ మాట మీరు వినే ఉంటారు. "అబ్బాయికి డ్యూయల్ సిటిజన్‌షిప్ ఉందండి, అమెరికా పాస్‌పోర్టూ ఉంది, ఓసీఐ కార్డూ ఉంది" అని. చెప్పేవాళ్లు గర్వంగా చెప్తారు, వినేవాళ్లు తలూపుతారు. కానీ ఆ మాట తప్పు. ఇండియాలో ద్వంద్వ పౌరసత్వం లేదు. ఇంతకుముందూ లేదు, ఇప్పుడూ లేదు. ఓసీఐ అంటే 'ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా'. పేరులో సిటిజన్ ఉంది, కార్డు ఉన్నవాడు మాత్రం ఇండియా సిటిజన్ కాడు.

మరి ఆ పేరు ఎందుకు పెట్టారు? అసలు ఇండియా రెండో పౌరసత్వాన్ని ఎందుకు వద్దంది? "మన గవర్నమెంట్‌కి మొండితనం" అని కొందరు, "దేశభక్తి" అని కొందరు తేల్చేస్తారు. నేను చదివినంతలో కథ అంత సింపుల్‌గా లేదు. ఆ 'వద్దు' వెనక భయం ఉంది, కొంత మంచి ఉద్దేశం ఉంది, దానికి బలైపోయిన పేదవాళ్లు ఉన్నారు. తర్వాత డబ్బు వచ్చింది, దాంతో రూల్ కొంచెం వంగింది. ఈ ఎపిసోడ్‌లో ఆ వరసలోనే చెప్తాను.

ముందు 1949కి వెళ్దాం. మన రాజ్యాంగం 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిందని స్కూల్లో చదువుకున్నాం కదా. కానీ పౌరసత్వం గురించి చెప్పే 5 నుంచి 9 వరకు ఆర్టికల్స్ అంతకు రెండు నెలల ముందే, అంటే 1949 నవంబర్ 26నే అమల్లోకి వచ్చేశాయి. అంత తొందర దేనికి? ఎందుకంటే ఎవరు ఈ దేశం మనిషి, ఎవరు కాదు అన్నది తేలకుండా ఇంకేదీ ముందుకు కదలదు.

దేశ విభజన జరిగి అప్పటికి రెండేళ్లు. లక్షల మంది అటూ ఇటూ దాటారు. వెళ్లినవాళ్లలో కొందరు తిరిగొచ్చారు. ఒకే ఇంట్లో అన్న కరాచీలో, తమ్ముడు లక్నోలో. రాజ్యాంగ సభలో 1949 ఆగస్టులో దీని మీద చర్చ జరిగినప్పుడు, ఈ ఆర్టికల్ తమకు పెట్టినంత తలనొప్పి దాదాపు మరే ఆర్టికల్ పెట్టలేదని అంబేద్కర్ సభలోనే చెప్పారు. ఎన్నో డ్రాఫ్టులు రాశారు, చింపారు. చివరికి వచ్చిన వాటిలో ఆర్టికల్ 9 చాలా చిన్నది. ఎవరైనా తన ఇష్టంతో వేరే దేశం పౌరసత్వం తీసుకుని ఉంటే, అతను భారత పౌరుడు కాడు. అంతే.

ఇక్కడ 'తన ఇష్టంతో' అన్న మాట గుర్తుపెట్టుకోండి. తర్వాత కోర్టుల్లో గొడవంతా దీని చుట్టూనే.

విభజన భయం అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఒక కాలు ఇక్కడ, ఒక కాలు అక్కడ పెట్టుకున్నవాణ్ణి నమ్మొచ్చా అని అప్పటి నాయకులు అనుకున్నారు. కానీ ఇది సగం కథే. మిగతా సగం సముద్రం అవతల ఉంది, అందులో మన తెలుగువాళ్లు కూడా ఉన్నారు.

కాకినాడ దగ్గర కోరంగి తెలుసు కదా, ఇప్పుడు మడ అడవులు చూడ్డానికి వెళ్తున్నాం. ఒకప్పుడు అది పెద్ద రేవు. ఆ తీరం నుంచి ఓడలెక్కి మనవాళ్లు బర్మా వెళ్లేవాళ్లు. గోదావరి జిల్లాల నుంచి, విశాఖ నుంచి, గంజాం నుంచి. రంగూన్‌ని మనవాళ్లు 'రంగం' అనేవాళ్లు. అక్కడివాళ్లు మనవాళ్లని ఏమనేవాళ్లో తెలుసా? 'కోరంగీలు'. ఊరి పేరే జాతి పేరైపోయింది. రంగూన్ రేవులో మూటలు మోసింది, రైస్ మిల్లుల్లో పనిచేసింది ఎక్కువగా వీళ్లే.

అప్పట్లో బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం. వీసా లేదు, పాస్‌పోర్టు లేదు. 1937లో బర్మాని ఇండియా నుంచి విడగొట్టారు. 1948లో అది స్వతంత్ర దేశమైంది, తన పౌరసత్వ చట్టం తను చేసుకుంది. అక్కడున్న మనవాళ్ల ముందు ఒక ప్రశ్న వచ్చి నిలబడింది: నువ్వు ఏ దేశం వాడివి?

ఇదే ప్రశ్న సిలోన్‌లో, అంటే ఇప్పటి శ్రీలంకలో, మలయాలో, తూర్పు ఆఫ్రికాలో కూడా వచ్చింది. నెహ్రూ దీనికి ఇచ్చిన సమాధానం స్పష్టంగా ఉంది. మీరు ఏదో ఒకటి ఎంచుకోండి. ఆ దేశ పౌరులైపోతే పూర్తిగా ఆ దేశానికే కట్టుబడండి, అక్కడి జనంతో కలిసిపోండి. భారత పౌరులుగానే ఉంటామంటే అక్కడ అతిథుల్లా ఉండండి, రాజకీయ హక్కులు అడక్కండి.

మొదటిసారి చదివినప్పుడు ఇది నాకు కఠినంగా అనిపించింది. కానీ ఆ రోజుల్లో ఆ దేశాల్లో పరిస్థితి చూడండి. 1930లోనే రంగూన్ రేవులో తెలుగు కూలీలకీ బర్మా కూలీలకీ మధ్య గొడవలై చాలామంది చనిపోయారు. "వీళ్లు ఇక్కడ సంపాదించి అక్కడికి పంపుతారు" అన్న కోపం అప్పటికే ఉంది. ఆ పైన రెండు పౌరసత్వాలు కూడా ఇస్తే, "వీళ్లు ఎప్పటికీ మనవాళ్లు కారు" అనే వాదనకి మనమే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది. ఇలా ఆలోచించింది ఇండియా ఒక్కటే కాదు. 1955లో బాండుంగ్ సదస్సు జరిగినప్పుడే చైనా ఇండోనేషియాతో ఒక ఒప్పందం చేసుకుంది. అక్కడున్న చైనా మూలాల వాళ్లు రెండింట్లో ఒక పౌరసత్వమే ఉంచుకోవాలని.

సరే, ఉద్దేశం బాగుంది. జరిగిందేంటి?

కాగితాలు ఎవరికి ఉంటాయండి? రేవులో మూటలు మోసేవాడికి ఉంటాయా? బర్మాలో పౌరసత్వానికి అప్లై చేసుకోవాలని చాలామందికి తెలియలేదు. తెలిసినా రుజువులు లేవు. 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. తర్వాతి రెండేళ్లలో దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేసేశారు. పెద్ద నోట్లు రద్దు చేశారు. లక్షల మంది భారతీయులు దాదాపు కట్టుబట్టలతో ఓడలెక్కి వచ్చేశారు. తాతలు పుట్టిన ఊరు కూడా చూడనివాళ్లు 'స్వదేశానికి' వచ్చారు. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేరు ఇప్పటికీ ఉంది. ఈసారి అటు వెళ్తే ఆ పేరు ఎక్కడిదో మీకు తెలుస్తుంది.

సిలోన్‌లో ఇంకా ఘోరం. అక్కడి తేయాకు తోటల్లో పనిచేసే తమిళ కూలీలకి 1948 చట్టం పౌరసత్వం లేకుండా చేసింది. ఇండియా కూడా వాళ్లని ఆటోమేటిక్‌గా తన పౌరులుగా ఒప్పుకోలేదు. అంటే ఏ దేశమూ లేదు. 1964 అక్టోబర్‌లో లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకే కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. 5,25,000 మందిని ఇండియా తీసుకోవాలి, 3,00,000 మందికి సిలోన్ పౌరసత్వం ఇవ్వాలి, మిగిలిన 1,50,000 మంది సంగతి తర్వాత చూద్దాం అని. ఆ కూలీలకి ఎక్కడుండాలని ఉందో ముందుగా ఎవరూ అడగలేదు. సరుకు పంచుకున్నట్టు మనుషుల్ని లెక్కపెట్టి పంచుకున్నారు.

నాకు ఈ చరిత్రలో ఎక్కువ బాధ కలిగించేది ఇదే. ద్వంద్వ పౌరసత్వం వద్దన్న నియమం మన వలస కూలీలకి రక్షణ అవుతుందనుకున్నారు. చాలామందికి రెండు కాదు కదా, ఒక్కటి కూడా మిగల్లేదు.

ఇప్పుడు చట్టానికి వద్దాం. ఇది కొంచెం జాగ్రత్తగా వినండి, ఎందుకంటే ఇప్పటికీ మీ ఇంట్లోవాళ్లకి వర్తించేది ఇదే.

1955 చివర్లో పౌరసత్వ చట్టం వచ్చింది. దాంట్లో సెక్షన్ 9 ఏమంటుందంటే, భారత పౌరుడు తన ఇష్టంతో వేరే దేశం పౌరసత్వం తీసుకుంటే, ఆ క్షణం నుంచే భారత పౌరసత్వం పోతుంది. ఎవరూ రద్దు చేయక్కర్లేదు, నోటీసు రానక్కర్లేదు. అమెరికాలో హాల్లో నిలబడి ప్రమాణం చేసిన ఆ పూటే అయిపోయింది. బీరువాలో నీలం పాస్‌పోర్టు ఉండొచ్చు, దాని మీద ఇంకా ఆరేళ్ల గడువు ఉండొచ్చు. అది ఇక వాడకూడని పుస్తకం, తిరిగి అప్పగించాల్సిందే. అప్పగించకుండా దాంతో ప్రయాణం చేస్తే జరిమానాలు, కేసులు.

ఇంకోటి. అమెరికా మన పాత పౌరసత్వం వదిలేశామని రుజువు తెమ్మని అడగదు. ప్రమాణంలో పాత విధేయత వదులుకుంటున్నానని చెప్పిస్తారు, అంతవరకే. అడ్డం వచ్చేది ఇండియా చట్టమే.

1956 రూల్స్‌లో ఇంకో గట్టి మాట పెట్టారు. వేరే దేశం పాస్‌పోర్టు తీసుకున్నావంటే, ఇష్టంతోనే అక్కడి పౌరసత్వం తీసుకున్నావనడానికి అదే తిరుగులేని రుజువు. ఇది ముందుగా తగిలింది అమెరికా వెళ్లినవాళ్లకి కాదు. పాకిస్తాన్‌లో ఉన్న చుట్టాల్ని చూడ్డానికి వెళ్లి, తిరిగి రావడానికి అక్కడి పాస్‌పోర్టు తీసుకున్న ముస్లింలకి. మన ఆంధ్రప్రదేశ్ నుంచే ఒక కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అబ్దుల్ ఖాదర్ అనే ఆయన పాకిస్తాన్ వెళ్లి, అక్కడి పాస్‌పోర్టు మీద వీసాతో తిరిగొచ్చాడు. వీసా గడువు దాటినా వెళ్లలేదని కేసు పెట్టారు. పౌరసత్వం పోయిందో లేదో తేల్చాల్సింది కేంద్ర ప్రభుత్వం, అది తేల్చకుండా విదేశీయుడని శిక్షించడం కుదరదని 1961లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన బయటపడ్డాడు. కానీ మరుసటి ఏడాదే, 1962లో, ఇజార్ అహ్మద్ ఖాన్ కేసులో అదే కోర్టు ఆ పాస్‌పోర్టు రూల్ చెల్లుతుందని తేల్చేసింది. ఇప్పటికీ ఆ రూలే నడుస్తోంది.

ఇక్కడి నుంచి కథ మలుపు తిరుగుతుంది.

1965లో అమెరికా తన ఇమిగ్రేషన్ చట్టం మార్చింది. అంతకుముందు ఆసియావాళ్లకి తలుపులు దాదాపు మూసే ఉండేవి. భారతీయులు అమెరికా పౌరులు కాలేరని 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టే చెప్పింది. మళ్లీ ఆ అవకాశం వచ్చింది 1946లో. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో అంత గొప్ప పరిశోధన చేసిన కాలంలో ఎక్కువ భాగం, కావాలన్నా పౌరుడయ్యే వీల్లేని మనిషి. 1965 తర్వాత డాక్టర్లు, ఇంజినీర్లు వెళ్లారు. 90లలో సాఫ్ట్‌వేర్ వాళ్లు వెళ్లారు, అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నుంచి నేరుగా అన్నట్టు. వీళ్లు రేవు కూలీల్లాంటి వాళ్లు కాదు. వీళ్ల దగ్గర డాలర్లు ఉన్నాయి.

1998లో పోఖ్రాన్ అణు పరీక్షల తర్వాత ఇండియా మీద ఆంక్షలు పడ్డాయి. అప్పుడు ప్రభుత్వం 'రిసర్జెంట్ ఇండియా బాండ్స్' పేరుతో ప్రవాసుల దగ్గర డబ్బు అడిగింది. 400 కోట్ల డాలర్లకి పైగా వచ్చింది. ఆ మరుసటి ఏడాదే, 1999లో, భారత మూలాలున్న విదేశీయులకి పీఐఓ కార్డు మొదలుపెట్టారు. ఫీజు ఎంతో తెలుసా? 1000 డాలర్లు. ఎవరిని దృష్టిలో పెట్టుకున్నారో ఆ ఫీజే చెప్తుంది కదా!

ఎల్.ఎం. సింఘ్వీ అధ్యక్షతన వేసిన కమిటీ 2002 జనవరిలో రిపోర్టు ఇచ్చింది, ద్వంద్వ పౌరసత్వం ఇవ్వండి అని. 2003 జనవరి 9న ఢిల్లీలో మొదటి ప్రవాసీ భారతీయ దివస్ జరిగింది. ప్రధాని వాజ్‌పేయి ఆ వేదిక మీద ద్వంద్వ పౌరసత్వం ఇస్తామన్నారు. హాలంతా చప్పట్లు. ఆ ఏడాది చివర్లో చట్ట సవరణ పాసైంది, 16 దేశాలకి మాత్రమే. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా లాంటివి. 2005లో పాకిస్తాన్, బంగ్లాదేశ్ తప్ప మిగతా దేశాలకి తలుపు తీశారు. ఓసీఐ పథకాన్ని ప్రధాని మన్మోహన్ సింగ్ ఎక్కడ మొదలుపెట్టారనుకుంటున్నారు? మన హైదరాబాద్‌లోనే. 2006 జనవరి, ప్రవాసీ భారతీయ దివస్‌లో.

కానీ చట్టం లోపల చూస్తే సెక్షన్ 9 అక్కడే ఉంది, అంగుళం కదల్లేదు. ఓసీఐ అంటే జీవితాంతం పనికొచ్చే వీసా. ఎన్నిసార్లైనా రావచ్చు, ఉండొచ్చు, ఉద్యోగం చేయొచ్చు, ఫ్లాట్ కొనొచ్చు. ఓటు లేదు. ఎన్నికల్లో నిలబడలేరు. మామూలుగా ప్రభుత్వ ఉద్యోగం రాదు. వ్యవసాయ భూమి కొనలేరు, తండ్రి నుంచి వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. 2015లో పీఐఓని దీంట్లో కలిపేశారు, చట్టంలో పేరు చివర 'కార్డ్‌హోల్డర్' అని తగిలించారు. 'మీరు సిటిజన్ కాదు, కార్డు ఉన్నవాళ్లు' అని చెప్పకనే చెప్పారన్నమాట.

కార్డు అంటే ఇచ్చినవాళ్లు రూల్ మార్చొచ్చు. 2021 మార్చి 4న ఒక నోటిఫికేషన్ వచ్చింది. ఓసీఐ ఉన్న పిల్లలు నీట్, జేఈఈ రాసి చేరాలంటే ఎన్‌ఆర్‌ఐ సీట్లకే అర్హులని. ఇక్కడే పెరిగి, ఇక్కడే టెన్త్, ఇంటర్ చదివి, పుట్టడం మాత్రం అమెరికాలో పుట్టిన పిల్లల పరిస్థితి ఊహించండి. వాళ్లు కోర్టుకెళ్లారు. ఆ తేదీకి ముందే ఓసీఐ ఉన్నవాళ్లకి పాత హక్కే ఉంటుందని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత తీసుకున్నవాళ్లకి కొత్త రూలే.

రాజకీయాల్లో ఇది ఎంత దూరం వెళ్తుందో తెలంగాణవాళ్లకి బాగా తెలుసు. వేములవాడ నుంచి పలుమార్లు ఎమ్మెల్యేగా గెలిచిన చెన్నమనేని రమేశ్ గారి కేసు ఏళ్ల తరబడి నడిచింది. ఆయన జర్మన్ పౌరుడేనని 2024 డిసెంబర్‌లో తెలంగాణ హైకోర్టు తీర్పు ఇచ్చింది, 30 లక్షల రూపాయలు కట్టమంది. ఓటేసిన జనం ఎమ్మెల్యేని ఎన్నుకున్నారు. ఆయన అసలు నిలబడొచ్చా అన్నది తేలేసరికి పదవీకాలాలే అయిపోయాయి.

"మరి వేరే దేశాలు ఇస్తున్నాయి కదా?" అంటారేమో. అవును. ఫిలిప్పీన్స్ మనలాగే జనం వలస వెళ్లే దేశం. సరిగ్గా మనం ఓసీఐ చట్టం చేసిన 2003లోనే వాళ్లు చట్టం చేశారు. విదేశీ పౌరులైపోయిన ఫిలిప్పినోలు ప్రమాణం చేస్తే పూర్తి పౌరసత్వం వెనక్కి ఇస్తారు. ఎన్నో ఏళ్లు గట్టిగా వద్దన్న జర్మనీ కూడా 2024 జూన్‌లో ఒప్పుకుంది.

నా అభిప్రాయం చెప్పమంటారా? రెండు పౌరసత్వాలు ఇవ్వాలా వద్దా అన్నదాని మీద నిజాయితీగా వాదించుకోవచ్చు. ఇక్కడ పన్ను కట్టకుండా, ఇక్కడి కరెంటు కోతలు పడకుండా, అక్కడెక్కడో కూర్చుని మన ఎమ్మెల్యేని ఎన్నుకోవడం సరికాదు అనేవాళ్ల మాటలో న్యాయం ఉంది. నేను అటువైపే కొంచెం మొగ్గుతాను. నాకు అభ్యంతరం వేరే చోట. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ నుంచి గల్ఫ్ వెళ్లిన అన్నలు ఎన్నేళ్లున్నా భారత పౌరులుగానే ఉంటారు, ఎందుకంటే ఆ దేశాలు మామూలుగా పౌరసత్వం ఇవ్వవు. వాళ్లకి ఓటు హక్కు కాగితం మీద ఉంది. 2010 సవరణతో ఎన్‌ఆర్‌ఐలు పేరు నమోదు చేసుకోవచ్చు. కానీ ఓటెయ్యాలంటే టికెట్ కొనుక్కుని ఊరికి రావాలి. నెల జీతం పోసి ఓటుకి ఎవరొస్తారండి? పౌరసత్వం వదిలేసినవాళ్ల కోసం ఇరవై ఏళ్లలో ఇన్ని కార్డులు పుట్టాయి. వదలనివాళ్ల ఓటు మాత్రం అక్కడే ఆగిపోయింది. కోరంగీల కాలంలోనూ ఇంతే, కాగితం లేనివాడి గురించి చివర్లో ఆలోచించారు.

పార్లమెంటులో ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం 2022 ఒక్క ఏడాదే 2,25,620 మంది భారత పౌరసత్వం వదులుకున్నారు. 2011 నుంచి 2022 వరకు చూస్తే 16 లక్షలు దాటింది. వాళ్లని తప్పు పట్టడానికి నేనీ వీడియో చేయలేదు. పిల్లల చదువు, ఉద్యోగ భద్రత, వీసా టెన్షన్ లేకుండా నిద్రపోవడం, ఇవన్నీ నిజమైన కారణాలే. కానీ మీ ఇంట్లో ఎవరైనా ఆ ప్రమాణానికి రెడీ అవుతుంటే, ముందే కూర్చోబెట్టి ఈ మూడు చెప్పండి. ఓటు ఆ పూటే పోతుంది. పాత పాస్‌పోర్టు అప్పగించాలి, దాచుకోకూడదు. ఊళ్లో పొలం కొనాలనుకుంటే ఆ తర్వాత కొనలేరు. తెలిసి వదులుకోవడం వేరు, కార్డు మీద 'సిటిజన్' అన్న మాట చూసి ఏమీ పోలేదనుకోవడం వేరు.

మీ కుటుంబంలో బర్మా నుంచి తిరిగొచ్చిన తాతలు, నానమ్మలు ఉంటే, ఇవాళే ఫోన్ తీసి వాళ్ల మాటలు రికార్డు చేయండి. ఏ ఓడలో వచ్చారు, ఏం తెచ్చుకున్నారు, ఏ కాగితం చూపించమన్నారు అని అడగండి. ఆ తరం వెళ్లిపోతోంది, ఇవి పుస్తకాల్లో పెద్దగా దొరకవు.

వచ్చే ఎపిసోడ్‌లో 1942లో బర్మా నుంచి అడవుల్లో నడిచి వచ్చినవాళ్ల గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఉంటానండి, నమస్తే.